నీలి బిళ్ళల మంద

దాటింపుకు 19 రోజులు

ఈ పుస్తకం ముందు పేజీలు పెద్దల కోసం. రోజూ పొద్దున ఊరి వాకిలి గవిని దగ్గర కూర్చుని, ఎవరి మందలో ఎన్ని గొడ్లు మేతకు పోయాయో, వాటి చెవిబిళ్ళలు ఏ రంగులో ఉన్నాయో రాస్తాను. నీలం, పసుపు, ఎరుపు. అంతకు మించి ఒక్క మాట రాసే హక్కు నాకు లేదు. అందుకని పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. ఇటు వైపు నా ఇష్టం.

ఇవాళ సాంబ్రాజ్యమ్మ గారు గవిని ముందు నిలబడి ఈ ఏడు ఉప్పుపాయ దాటింపులో దారి తీసే ముందు మంద ఎవరిదో చెప్పింది. మా ఊరు ఎగువగట్టుకు పెద్ద ఆమే. మీరావలి మంద అంది. ఇరవై రెండు ఆవులు, వరసగా తొమ్మిది నెలలు నీలం. అంత నీలం ఇంతవరకూ ఎవరికీ రాలేదట. జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు మీరావలి రెండు అరచేతులకూ పసుపు పూశారు. మంచి చెయ్యి అని అందరికీ చూపించమంటే అతను సిగ్గుపడి లుంగీకి తుడుచుకోబోయాడు.

నేను చప్పట్లు కొట్టలేదు. ఎందుకో దాచుకోను. పదకొండు నెలల కిందటి దాకా ఆ ఇరవై రెండూ మా అన్న ఏసోబు ఆవులు. అన్న చేతి కింద అవి ఇరవై ఒక్క రోజులు వరసగా ఎరుపులో ఉన్నాయి. మా కట్టుబాటు ప్రకారం ఇరవై ఒక్క ఎరుపులంటే ఆ మనిషి గొడ్లను కొడుతున్నాడని లెక్క. ఇరవై రెండో రోజున ఈ గవిని దగ్గరే తొట్టి నీళ్ళలో అన్న చేతులు కడిగించారు. చేతులు కడిగించుకున్నవాడు మళ్ళీ గొడ్డును ముట్టకూడదు. అన్న ఉప్పుమళ్ళలో పనికి పోయాడు. ఆ ఇరవై ఒక్క ఎరుపులూ రాసింది నేను. కింద సంతకం పెట్టిందీ నేనే.

అవే ఆవులు మీరావలి చేతికి వచ్చాక మెల్లగా పసుపులోకి దిగాయి. రెండు నెలలకు నీలం. "చూశారా, అంతా చేతిలోనే ఉంది" అన్నారు ఊళ్ళో.

మీరావలి దొంగైతే మా అన్న మంచివాడవుతాడో లేదో నాకు తెలియదు. మీరావలి దేవుడైతే మాత్రం మా అన్న దయ్యమై తీరాలి. కాబట్టి అతను దొంగ కావాలని నా కోరిక. ఆవులకు ఏదో పెడుతున్నాడు. ఏం పెడుతున్నాడో దాటింపు లోపల కనుక్కుంటాను.

దాటింపుకు 17 రోజులు

బిళ్ళ గొడ్డు చెవి నెత్తురులోని బెదురు రసాన్ని చదువుతుంది. రసం ఎక్కువైతే ఎరుపు, తగ్గితే నీలం. చనిపోయిన డాక్టరు గారు ఆ రసాన్ని కార్టిసాల్ అనేవారు. ఆయన దగ్గర పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేశాను. మూత్రపిండాల మీద చిక్కుడు గింజలంత గ్రంథులు రెండుంటాయి, వాటిలో ఊరుతుంది అని ఒక చచ్చిన దున్నను కోసి చూపించారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. బిళ్ళలు వచ్చాక ఇంకో డాక్టరు అక్కర్లేదనుకున్నారు.

మధ్యాహ్నం మీరావలి గుంటలో ఆవుల్ని కడుగుతుంటే, తుమ్మకొమ్మకు తగిలించిన అతని సంచి వెతికాను. జొన్నరొట్టె, ఉల్లిపాయ, అడుగున ఒక నల్ల సీసా. దొరికాడనుకున్నాను. మూత తీసి వాసన చూశాను. తెలియలేదు. వేలు ముంచి నాకాను. ఆ చేదు నాలుక దాటి చెవుల దాకా పోయింది. ఉమ్ముతూ తిరిగి చూస్తే అతను వెనక నిలబడి ఉన్నాడు.

"అది తాగేది గాదు రాహేలక్కా, రాసేది" అన్నాడు. "కానుగ నూనె. జోరీగలు ముసురుతన్నాయిగా."

చలికాలం అన్నది లేకుండా పోయాక జోరీగలకు సెలవు లేదు. ఏడాది పొడుగునా గొడ్ల వీపుల మీదే కాపురం. అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏదో గొణిగి వచ్చేశాను. ఊళ్ళో నన్ను అనుమానప్పక్షి అంటారు. ఈ సంగతి పొక్కితే ఆ పక్షికి కొత్త ఈకలు తొడుగుతారు.

రొట్టె ముక్క తింటే ఇంకా చేదే.

దాటింపుకు 14 రోజులు

ముందు పేజీలో ఇవాళ కూడా తిరపతమ్మ మందకు ఎరుపు రాశాను. ఆరో రోజు. పద్దెనిమిది ఆవుల్లో పన్నెండు ఎరుపు. తిరపతమ్మకు ముప్పై ఏళ్ళుండవు, భర్త పాయలో పోయాక మందను ఒంటి చేత్తో సాకుతోంది. గవిని దగ్గర నా బల్ల పట్టుకుని నిలబడింది.

"నేనేం చెయ్యలేదత్తా. కర్ర గూడా పట్టుకోటంలా. చూడు." ఒట్టి చేతులు చూపించింది.

నేను చూడలేదు. రంగు రాసేవాళ్ళు చేతులు చూడకూడదని కట్టుబాటు. సాంబ్రాజ్యమ్మ గారు పక్క నుంచి పోతూ, "ఆ పిల్ల మీద ఓ కన్నేసి పెట్టు. ఒంటరిది, చిరాకులో చెయ్యి జారుద్ది" అంది. సరిగ్గా ఇవే మాటలు మా అన్న గురించీ అంది. అప్పుడు వదిన చనిపోయిన ఏడు.

ఇరవై ఒకటిలోంచి ఆరు తీస్తే పదిహేను. మళ్ళీ నేనే సంతకం పెట్టాలి. కలం పట్టుకుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఒక్క సంగతి మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. తిరపతమ్మ మందా మీరావలి మందా రెండు నెలలుగా ఒకే గుంటలో నీళ్ళు తాగుతున్నాయి. మీరావలి తన ఆవులకు మత్తు పెట్టి, కిట్టని దాని ఆవులకు పిచ్చెక్కించేది ఏమన్నా కలుపుతున్నాడేమో. నాకే ఇది అతిగా అనిపిస్తోంది. కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

దాటింపుకు 11 రోజులు

పొద్దున పాలు పిండే వేళ మీరావలి పాక వెనక చొప్పకుప్పలో దూరి కూర్చున్నాను. యాభై నాలుగేళ్ళ ఆడదాన్ని, మోకాళ్ళ నొప్పులతో. అతను ఆవుకు ఏం పెడతాడో కళ్ళారా చూడాలని.

ఏమీ పెట్టలేదు. గోగుపువ్వు అనే పెద్దావు దగ్గర కూర్చున్నాడు. ఆ పేరు మా అన్న పెట్టిందే. పాలు పిండడం అయ్యాక దాని డొక్క మీద వేళ్ళు పెట్టి ఒక్కో పక్కటెముకా తడుముతూ పోయాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టాడు. తొమ్మిదికి ఆగి కాసేపు తల వంచుకున్నాడు. నాకు తుమ్ము వచ్చింది. చొప్ప దుమ్ము మరి.

"బయటికి రా అక్కా, పాములుంటాయి" అన్నాడు.

వచ్చాను. ఇంక దాపరికం దేనికని, "నువ్వేం పెడుతున్నావు వీటికి?" అని మొహం మీదే అడిగాను.

"మేత."

"తొమ్మిది నెలల నీలం మేతతో రాదు."

"నన్ను దొంగని జేద్దామని తిరగతన్నావు. ఎందుకో గూడా తెలుసు నాకు" అన్నాడు. కోపంగా అనలేదు. "ఏసోబన్న కొట్టాడో లేదో నాకు తెలవదక్కా. నేనైతే కొట్టలా."

"మరి ఎముకలెందుకు లెక్కపెడుతున్నావు?"

అతను లేచాడు. చెంబు తీసుకుని లోపలికి పోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బాపతు కాదు మీరావలి. అయినా నా ప్రశ్నకు మొహం తిప్పేసుకున్నాడు. ఏదో దాస్తున్నాడు. సీసాలో కాకపోతే మనసులో.

దాటింపుకు 8 రోజులు

పొద్దున ఈదురుగాలికి నీళ్ళతొట్టి మీది రేకు లేచి, దడదడమని గొడ్ల మధ్య పడింది. మూడు వందల నలభై గొడ్లు ఒక్కసారిగా పరుగు. నేను బల్ల ఎక్కి నిలబడ్డాను. దుమ్ము తగ్గాక చూస్తే గవిని నిండా ఎర్రటి చుక్కలే. అది మామూలే. గొడ్డు బెదిరితే రసం పొంగుతుంది, కాసేపటికి దిగుతుంది.

మీరావలి ఆవులు కూడా పరుగెత్తాయి. గోగుపువ్వు మోకాళ్ళ మీద పడి లేచింది. కళ్ళు తెల్లగా తిరిగాయి, ఒళ్ళంతా వణుకు. చెవి చూశాను. నీలం. ఇరవై రెండూ నీలం.

"బెదరనే బెదరవు, చూడండే" అని ఎవరో మురిసిపోయారు. బెదరనిది పరుగెందుకు తీసినట్టు? వణుకెందుకు?

నాకు తట్టింది ఒకటే. బిళ్ళలు మార్చాడు, చెడిపోయినవి తగిలించాడు. సాయంత్రం గుంట దగ్గర గోగుపువ్వు బిళ్ళ విప్పి తిరపతమ్మ ఆవుకు పెట్టాను. దాని బిళ్ళ తెచ్చి గోగుపువ్వుకు పెట్టాను. తిరపతమ్మ పక్కనే ఉంది, నేనేం చేస్తున్నానో అడిగే ధైర్యం కూడా లేదు పాపం ఆ పిల్లకు. వంద లెక్కపెట్టే లోపల నీలం బిళ్ళ తిరపతమ్మ ఆవు చెవిన ఎర్రబడింది. ఎర్ర బిళ్ళ గోగుపువ్వు చెవిన నీలమయింది.

బిళ్ళలు నిజమే చెబుతున్నాయి. మీరావలి మత్తు పెట్టడం లేదు. నేను పట్టుకోవాలనుకున్న దొంగ ఎక్కడా లేడు. అంటే మా అన్న కొట్టాడనేగా. ఇవాళ రాయడం ఇక్కడితో ఆపుతున్నాను, ఏడుపొస్తోంది.

దాటింపుకు 1 రోజు

రోజంతా జరిగింది వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

దాటింపు ఎలా చేస్తామో ఎప్పుడూ రాయలేదు, అందరికీ తెలుసు కదా అని. సముద్రం పాత నల్లరోడ్డు దాకా వచ్చాక మా గట్టుకూ ఎండాకాలం మేత ఉండే కొండకూ మధ్య ఉప్పుపాయ పడింది. వెడల్పు రెండు వందల బారలు. గొడ్లను మోసే పడవలు మాకు లేవు, దూడలను మోసేవి ఉన్నాయి. అందుకని ముందు రోజు దూడలను అవతలికి దాటిస్తాం. తల్లులు వాటికోసం మర్నాడు పాయ ఈదుతాయి. ముందు మంద దారి తీస్తే మిగతావి వెనక పడతాయి. మూడేళ్ళ కిందట ముందు మంద నడిపాయలో బెదిరి వెనక్కి తిరిగింది. గొడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలభై మునిగాయి, వాటితో తిరపతమ్మ మొగుడూ పోయాడు. రంగు చూసి ముందు మందను ఎంచడం ఆ ఏడు నుంచే మొదలయింది. అది ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

ఇవాళ పొద్దున దూడలను పడవలెక్కించారు. తల్లుల అరుపులతో గట్టు దద్దరిల్లింది. చెవులన్నీ ఎరుపు. ఏటా అంతే, దూడ పోతుంటే ఎర్రబడని తల్లి ఉండదు.

మీరావలి మందలో తొమ్మిది తల్లులు. తొమ్మిదీ నీళ్ళ అంచు దాకా పోయి అరిచాయి. గోగుపువ్వు కళ్ళ కింద తడి చార కట్టింది. తొమ్మిదీ నీలం.

జనం మళ్ళీ చప్పట్లు. "ఏం నిబ్బరం! ఏం నిబ్బరం!" సాంబ్రాజ్యమ్మ గారు మీరావలి భుజం తట్టింది. అతను నవ్వలేదు. నేను అతన్నే చూస్తున్నాను. అతను ఆవు కాళ్ళు చూస్తున్నాడు. ఆవు కాళ్ళు వణుకుతున్నాయి.

అప్పుడు నా బుర్రకు తట్టింది. కన్నబిడ్డను తీసుకుపోతుంటే నిబ్బరంగా ఉండే తల్లి లేదు, ఉండదు. ఆవుకు భయం ఉంది, దుఃఖం ఉంది. రసమే ఊరడం లేదు.

నా పాకలోకి పరుగెత్తాను. డాక్టరు గారి మైక్రోస్కోపు మీద ఆరేళ్ళ దుమ్ము. అద్దం చీలింది గానీ ఎండ పట్టింది. గోగుపువ్వు చెవి కొనన సూదితో పొడిచి ఒక చుక్క గాజుపలక మీద పరిచాను. ఎర్రకణాల మధ్య ఏదో కదిలింది. సన్నటి పురుగు, తోక కొట్టుకుంటూ కణాలను నెట్టుకుంటూ ఈదుతోంది. వెతికితే ఇంకొకటి దొరికింది. తిరపతమ్మ ఆవు చుక్క కూడా చూశాను. దానిలో అవే పురుగులు, కుప్పలు కుప్పలు.

ఒకటి ఎరుపు ఆవు, ఒకటి నీలం ఆవు. నెత్తురులో పురుగు ఒకటే.

డాక్టరు గారి నోటుబుక్కులో సర్రా అని పేజీ ఉంది. జోరీగ ఒక గొడ్డును కుట్టి ఇంకో గొడ్డును కుడితే అంటుకునే నెత్తురు పురుగు. కింద ఆయన గొలుసుకట్టు రాత: "కొత్తగా అంటినప్పుడు కార్టిసాల్ పొంగుతుంది. నెలల తరబడి ముదిరితే గ్రంథి అలసిపోతుంది, ఎంత బెదిరించినా పలకదు. ఇటువంటి గొడ్డును దూరం నడపరాదు. అవసరానికి ఒంట్లోంచి సత్తువ లేపేది ఆ రసమే."

నాలుగు సార్లు చదివాను. మా అన్న చేతిలో ఎరుపు అయింది పురుగు కొత్తగా అంటినందుకు. మీరావలి చేతిలో నీలం అయింది అది ముదిరినందుకు. పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేసినదాన్ని, ఒక్కసారి ఆవు కనురెప్ప కింద చూస్తే నెత్తురు లేదని తెలిసేది. నేను ఒక్కసారీ చూడలేదు. రంగు రాసి సంతకం పెట్టాను.

సాంబ్రాజ్యమ్మ గారి దగ్గరికి పోయి చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని వింది.

"ఏమే రాహేలూ, రేపు దాటింపు పెట్టుకోని ఇయ్యాల కనపడ్డాయా పురుగులు?"

"ఇవాళే చూశానండీ. ఆ మంద ముందు దిగితే నడిపాయలో సొమ్మసిల్లుతుంది. వెనక మూడు వందల గొడ్లు ఉంటాయి."

"నీ అన్న చేతులు కడిగించింది నేను. ఆ కచ్చ ఇట్టా దీర్చుకుంటన్నావు."

"కచ్చ ఉందండీ. కచ్చ ఉన్నా పురుగు పురుగే. వచ్చి మీ కళ్ళతో చూడండి."

"నాకు శుక్లాలు. నువ్వు చూపించిందే నేను చూడాల. బిళ్ళకైతే ఎవురి మీదా కచ్చ ఉండదు." దుప్పటి సర్దుకుంది. "పో, పోయి రంగులు రాసుకో."

పచ్చకామెర్ల వాళ్ళకు లోకమంతా పచ్చన అంటారు. నాకు పదకొండు నెలలుగా ఉన్నది ఆ జబ్బే, ఊరంతటికీ తెలుసు. రేపు నిజం చెప్పినా నా నోట్లోంచి వస్తే అది కచ్చే అవుతుంది. ఇంకొకరి నోట్లోంచి రావాలి. ఉన్నది ఒక్కడే.

కబురు పెడితే మీరావలి ఎండ దిగకముందే వచ్చాడు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. కన్ను తీసి, "ఇయ్యా?" అన్నాడు.

"అవే."

"బాగాలేవని నాకు నాలుగు నెల్ల నుంచీ తెలుసక్కా. తింటన్నాయి, ఒంటికి పట్టట్లా. ఎముకలు లెక్కబెడతంటే నెలనెలా ఒకటి ఎక్కువ తగలతంది."

"మరి నోరు ఎందుకు తెరవలేదు?"

"ఏమని జెప్పేది? బిళ్ళ నీలం ఉంటే గొడ్డుకు రోగమేందిరా అంటారు. ఏదన్నా మందేత్తే ఎరుపు తిరిగిందనుకో, నా చేతులు గూడా కడిగిత్తారు." అరచేతులు చూసుకున్నాడు, గవిని దగ్గర పసుపు పూయించుకున్నవి. "ఏసోబన్న తొట్టి కాడ చేతులు కడుక్కుంటంటే నేను పక్కనే నిలబడ్డా. ఆయన మొహం చూశా. గొడ్డు లేపోతే నాకేముందక్కా?"

దాచింది ఇదన్నమాట. నేను దొంగ కోసం వెతుకుతుంటే అతను భయంతో నోరు నొక్కుకుని ఉన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. రేపు ఏం చేస్తాడో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

దాటింపు రోజు

ఆటు వేళకు అందరూ పాయ అంచున ఉన్నారు. మీరావలి ఇరవై రెండు ఆవుల్నీ తోలుకొచ్చి, నీళ్ళ దగ్గర ఆపి, వాటికి అడ్డంగా నేల మీద కూర్చున్నాడు.

"ఏందిరా అది? ఆటు మళ్ళిపోద్ది, లెయ్" అంది సాంబ్రాజ్యమ్మ గారు.

"ముందు ఒక్కదాన్ని దింపుతానమ్మా. గోగుపువ్వుని. ఇది దాటితే మిగతా అన్నీ తోలతా. ఇది మంద మొత్తానికీ గట్టిది."

ఒక్క ఆవును దింపే వాడుక లేదు. జనం గొణిగారు. అయినా ముందు మంద కాపరి మాట ఆ రోజుకు చెల్లుతుంది, అదీ వాడుకే. గోగుపువ్వు మెడకు పొడుగు మోకు కట్టి, కొస గట్టు మీద నలుగురి చేతికిచ్చి, తనూ దానితో దిగాడు.

అవతల దూడ అరుస్తోంది. గోగుపువ్వు ఆ అరుపు వైపే ఈదింది. పది బారలు, పదిహేను. ఇరవై దగ్గర మెడ నెమ్మదిగా కిందికి దిగింది. కాళ్ళు కొట్టుకోలేదు, వెనక్కి తిరగలేదు, అరవలేదు. నిద్రపోయినట్టు పక్కకు ఒరిగింది. మీరావలి దాని గడ్డం పట్టుకుని, "లాగండి! లాగండి!" అని కేక పెట్టాడు.

నేను చెవి వైపే చూస్తున్నాను. గట్టు మీద ఉన్న వాళ్ళందరూ అదే చూస్తున్నారు. ఆవు మునిగిపోతోంది, బిళ్ళ మాత్రం నీలంగా వెలుగుతోంది. శుక్లాల కళ్ళకు కూడా కనిపించేంత నీలం.

మోకు లాగి ఒడ్డుకు చేర్చారు. కడుపు నొక్కితే ఉప్పునీళ్ళు కక్కింది. బతికింది. మీరావలి దాని పక్కన బోర్లా పడుకుని దగ్గుతున్నాడు. 

సాంబ్రాజ్యమ్మ గారు కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తిరపతమ్మవి?"

"అవే పురుగులండీ."

"ఏసోబువి?"

 తల ఊపాను. ఆమె గోగుపువ్వు వైపు చూసి, "ఆ చేతులు కడిగిచ్చిన నీళ్ళు నేనే పోశానే" అంది. తర్వాత జనం వైపు తిరిగి, ఈ మందా తిరపతమ్మ మందా ఇక్కడే ఉండాలని, వాటి దూడలను వెనక్కి తేవాలని, మిగతావి రేపు పసుపు మంద వెనక దాటుతాయని చెప్పింది. 

ముందు పేజీలో తిరపతమ్మకు ఇది ఇరవయ్యో ఎరుపు. రాయలేదు.

దాటింపు అయ్యాక 16 రోజులు

మందు పడవ పోయిన వారమే వచ్చింది. రెండు మందల్లో మిగిలిన ముప్పై ఎనిమిది ఆవులకూ సూదులేశాను. మీరావలి మందలో రెండు అప్పటికే చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో నాలుగు రోజుల కిందట ఒకటి, నేను సూది పట్టుకోగానే బెదిరి పసుపు దాటి ఎర్రబడింది. మీరావలి ఎగిరి గంతేశాడు. ఎరుపు చూసి ఎగువగట్టులో సంబరపడిన మొదటి మనిషి అతనే అయి ఉంటాడు. గోగుపువ్వు మాత్రం ఇంకా నీలమే, దానికి ఆలస్యమవుతుంది.

మొన్న ఉప్పుమళ్ళకు పోయాను. ఒక పూట నడక. అన్న మడిలో పార పట్టుకుని ఉన్నాడు, చేతులకు గోనెపట్టా చుట్టుకుని. ఉప్పు కోస్తుందని అనుకున్నాను. మధ్యాహ్నం గుడిసెలో కూర్చున్నా విప్పలేదు. కోడలు మనవరాలిని తెచ్చి ఒళ్ళో పెట్టబోతే వెనక్కి జరిగి, చేతులు వీపు వెనక పెట్టుకున్నాడు. పిల్లకు ఎనిమిది నెలలు. ఇంతవరకూ ఎత్తుకోలేదట.

పురుగు సంగతి మొత్తం చెప్పాను. అన్న వింటూ ముందు అడిగింది, "గోగుపువ్వు బతికిందా?"

"బతికింది. అన్నా, ఆ ఎరుపులు నేనే రాశాను. సంతకం నాదే."

"నువ్వు కనపడింది రాశావు."

"కనపడింది రాయలేదన్నా. నీ చేతులు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అవి వదిలేసి బిళ్ళ మీద ఉన్నది రాశాను."

అన్న ఉప్పు కుప్పల వైపు చూశాడు. "నేను కొట్టలేదనే అనుకున్నా రాహేలూ. కానీ బిళ్ళ అబద్ధం జెప్పదుగా. నాకు తెలవకుండా నా చేతిలోనే ఏదో చెడు ఉందేమో, ముట్టుకుంటే చాలు గొడ్డు ఒణుకుద్దేమో అనుకున్నా. గొడ్డుకే అట్టా ఉంటే పసిగుడ్డు ఏమైపోద్దని..."  నేను గుడిసె బయటికి వచ్చి ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, అందులోనూ కాలినవి నా చేతులు కాదు.

బతిమాలి ఇవాళ తీసుకొచ్చాను. గవిని దగ్గర సాంబ్రాజ్యమ్మ గారు చెంబుతో నిలబడి ఉంది. నీళ్ళు పోయడానికి కాదు, తాగడానికి ఇచ్చింది. అన్న తాగాడు. 

మీరావలి పాకలో గోగుపువ్వు తల ఎత్తి చూసింది. అన్న దూరంగా నిలబడిపోయాడు. మీరావలే వచ్చి, "అన్నా, రా" అని గోనెపట్టా ముడి విప్పాడు. ఉప్పుకు చిట్లి పగిలిపోయిన అరచెయ్యి. అన్న ఒక్క చెయ్యే ముందుకు చాపాడు, నిప్పు దగ్గరికి చాపినట్టు. గోగుపువ్వు వాసన చూసి, నాలుక చాపి, ఆ చేతిని నాకడం మొదలుపెట్టింది.

"ఉప్పు కోసంలే" అన్నాడు అన్న, మొహం పక్కకు తిప్పుకుని. "ఉప్పు తగిలింది గదా, అందుకని."

నాకూ అదే అనుమానం వచ్చింది, నేను మారలేదు. దాని మెడకు రెండు మూరల దూరంలో ఉప్పురాయి వేలాడుతోంది, మొన్న బయల్దేరే ముందు నేనే కొత్తది కట్టాను. పోయి చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది, అంచులు అరగలేదు. ఆ మాట అన్నకు చెప్పాను.

అన్న ఉప్పురాయి వైపు చూశాడు. తర్వాత రెండో చెయ్యి కూడా వీపు వెనక నుంచి తీశాడు.